మోచేతి ఎత్తు

కాళ్ళు బాగా ఎడంగా పెట్టి నిలబడితే నేను కొంచెం పొట్టిదాన్నవుతాను. ఈ కిటుకు కాపురానికి వచ్చిన కొత్తలోనే కనిపెట్టాను. మా వంటింటి గట్టు నాకు తొడల దగ్గరికి వస్తుంది. మామూలుగా నిలబడి కూరలు తరగాలంటే నడుం దగ్గర మడత పడాలి. సింకు ఇంకా లోతు, అడుగున ఉన్న గిన్నె తీయాలంటే బావిలో పడ్డ చెంబు కోసం తొంగి చూస్తున్నట్టుంటుంది. అందుకని కాళ్ళు ఎడం చేసి, మోకాళ్ళు కాస్త సడలించి, పొట్ట గట్టుకి ఆనించి తోముతాను. నా బట్టల మీద పొట్ట దగ్గర అడ్డంగా ఎప్పుడూ ఒక తడి చార ఉంటుంది. ఒకసారి మా ఆయన మంచినీళ్ళ కోసం వచ్చి వెనకనుంచి చూసి, "ఏంటలా నిలబడ్డావు, బంతి ఆపడానికా?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పటికి నడుం ఇంకా నా మాట వినేది.

నేను పొడుగు. బళ్ళో నిచ్చెన అని పిలిచేవాళ్ళు. మా ఆయన నాకంటే వేలెడు తక్కువ, కాబట్టి ఫోటోల్లో నేను ఎప్పుడూ ఒక మెట్టు కింద నిలబడతాను. నాకెవరూ చెప్పలేదు, కాళ్ళే అలవాటుగా దిగుతాయి. ఇంటికి ఎవరొచ్చినా, "మా ఇంట్లో బల్బు మార్చడానికి స్టూలు అక్కర్లేదండీ, మా ఆవిడ ఉందిగా" అంటాడు. వచ్చినవాళ్ళు నవ్వుతారు, నేను టీ అందిస్తాను. ఆ జోకు పుణ్యమా అని ఇంట్లో ఎత్తు మీద ఉన్న పనులన్నీ నా పేర రాసిపెట్టేశారు. అటక, ఫ్యాను రెక్కలు, కర్టెన్లు, బీరువా మీద దుమ్ము. వాటికి నా పొడుగు కావాలి. గట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పొడుగవడం నా తప్పు.

అత్తయ్య పొట్టి. నా భుజం దాకా కూడా రాదు. నేను వచ్చిన కొద్దికాలానికే మోకాళ్ళు పట్టేసి, "ఇక నువ్వు చూసుకో అమ్మాయ్" అని వంటిల్లు నాకు అప్పగించేసింది. అప్పటినుంచి ఆవిడ కుర్చీలో కూర్చుని చిక్కుళ్ళు వలుస్తుంది, వెల్లుల్లి ఒలుస్తుంది, కాళ్ళకింద ఒక పాత చెక్క పీట పెట్టుకుంటుంది. గట్టు ఆవిడ కొలతకే కట్టారని నేను ఎవరూ చెప్పకుండానే నమ్మేశాను. ఇల్లు కట్టించింది పోయిన మామగారు, వండింది ఆవిడ, మరి ఇంకెవరి కొలతకి కడతారు? నడుం కలుక్కుమన్నప్పుడల్లా ఆ పొట్టి మనిషి మీద, ఏ తప్పూ చేయని మనిషి మీద కోపం వచ్చేది. కోపాన్ని కూడా పద్ధతిగా గిన్నెల మీదే చూపించేదాన్ని.

ఇదంతా ముగించుకుని నేను వెళ్ళే ఆఫీసు ఏమిటంటే, మునిసిపాలిటీలో, ఊళ్ళో ఇళ్ళకి మార్పులు చేసుకునేవాళ్ళకి అనుమతులిచ్చే చోటు. ముందు కిటికీ నాది. అనుమతి ఇవ్వడం సార్ పని. అసలు అనుమతి కావాలా అక్కర్లేదా చెప్పడం నా పని. గోడలకి రంగులా, వేసుకోండి. నేల మీద రాళ్ళు మార్చుకుంటారా, మార్చుకోండి. పాత తలుపు తీసి అదే చోట కొత్తది బిగించుకోండి. అరలు, అల్మరాలు, కుళాయిలు, సింకు, వంటగట్టు, అన్నీ మీ ఇష్టం, మమ్మల్ని అడగక్కర్లేదు. బరువు మోసే గోడ పడగొట్టినా, కొత్త గది వేసినా అప్పుడు రండి. ఈ మాటలు నాకు నిద్రలో కూడా వస్తాయి. కానీ జనం నమ్మరు. మొన్న ఒక పెద్దమనిషి వంటింట్లో అరలు పెట్టించుకోవడానికి వచ్చాడు. అక్కర్లేదండీ, మీ ఇల్లు మీ ఇష్టం అన్నాను. నా వంక అనుమానంగా చూసి, "సార్ లేరా అమ్మా?" అన్నాడు. సార్ ఫోను చూసుకుంటూ తలెత్తకుండానే, "అక్కర్లేదు" అన్నాడు. పెద్దమనిషి మొహం విచ్చుకుంది. "చాలా థాంక్స్ సార్, శ్రమ ఇచ్చాను" అని రెండుసార్లు చెప్పి వెళ్ళాడు. ఆ సార్‌కి చేరిన కొత్తలో ఏది కావాలో ఏది అక్కర్లేదో కూర్చోబెట్టి చెప్పింది నేనే. చెప్పి ఏం లాభం, గొంతు నాది కదా.

ఊరందరికీ మీ ఇల్లు మీ ఇష్టం అని చెప్పే నేను, మా ఇంట్లో ఒక మేకు కొట్టాలంటే మూడు రోజులు మొహం చూసి అడగాలి. కిటికీకి తెర వేయిద్దామండీ అంటే, "ఇన్నాళ్ళూ దోమలు నిన్నొక్కదాన్నే కుట్టాయా?" వంటింట్లో ఇంకో దీపం పెట్టిద్దామండీ, తరిగేచోట నా నీడే పడుతోంది అంటే, "కొంచెం పక్కకి జరిగి తరుగు." గట్టు సంగతి ఎన్నిసార్లు ఎత్తానో నాకే గుర్తులేదు. మొదట్లో, "మా అమ్మ వండలేదా దాని మీద?" తర్వాత, "చూద్దాంలే." ఆ తర్వాత మాట కూడా ఖర్చుపెట్టకుండా చెయ్యి ఊపడం. వద్దని గట్టిగా ఒక్కసారి అంటే పోట్లాడేదాన్నేమో. ఆయన ఎప్పుడూ వద్దనలేదు. ఒక మనిషి జీవితమంతా చూద్దాంలే అనే మాట మీద గడిచిపోవచ్చునని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కిందటేడు మా ఆయనకి నడుంనొప్పి వచ్చింది. వచ్చింది అనకూడదు, వేంచేసింది. ఇల్లంతా దానికి అణకువగా నడుచుకుంది. వారంలో రెండు రోజులు ఆఫీసు, మిగతా రోజులు ఇంట్లోంచే పని, ఎక్కడైనా కుర్చీలోనే కాబట్టి, ఎక్కువసేపు కూర్చోవద్దని డాక్టరు చెప్పాడు. మర్నాడే మా ఆయన ఆర్డరు పెట్టాడు, వారం తిరక్కుండా టేబుల్ వచ్చింది. మీట నొక్కితే సన్నగా మూలుగుతూ పైకి లేస్తుంది, ఇంకోటి నొక్కితే కిందికి దిగుతుంది. ఎత్తులు గుర్తుపెట్టుకోవడానికి దానికి నాలుగు మీటలు. ఒకటి ఆయన నిలబడే ఎత్తు, రెండోది ఆయన కూర్చునే ఎత్తు. మిగతా రెండూ ఖాళీ. దానికోసం ముందు గది గోడకి కొత్త ప్లగ్గు పెట్టించాడు, వెనక గోడకి లేత ఆకుపచ్చ రంగు వేయించాడు, కళ్ళకి హాయిగా ఉంటుందని. ఎవరినీ అడగలేదు. ఎందుకడగాలి, వీటికి అనుమతి అక్కర్లేదు. గోడ తొలిచిన దుమ్ము మాత్రం నేను ఊడ్చాను, వంగి. ఆ రాత్రి అన్నాల దగ్గర, నాకూ నడుం లాగేస్తోందండీ అన్నాను. "ఆఫీసులో పొద్దస్తమానం కూర్చుంటావు కదా, అందుకే. కాస్త నడువు" అన్నాడు. నిజంగా నా మంచి కోరే అన్నాడు. ఆ మంచితనం దగ్గరే నాకు ఓపిక అయిపోతుంది.

ఇలాగే ఇంకో పదేళ్ళు నెట్టుకొచ్చేదాన్నే. మా అమ్మాయి సెలవులకి రాకపోతే. హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, ఈమధ్య నన్ను మించి ఎదిగింది. ఒకరోజు నేను ఆఫీసునుంచి వచ్చేసరికి, పాపం అమ్మ అలిసిపోయి వస్తుందని గిన్నెలు తోముతోంది. చెప్పులు విడుస్తూ తలుపులోంచి చూశాను. కాళ్ళు ఎడంగా పెట్టింది. మోకాళ్ళు సడలించింది. పొట్ట గట్టుకి ఆనించింది. చొక్కా మీద అడ్డంగా తడి చార. నేను నేర్పలేదు, దానికీ ఎవరూ చెప్పలేదు. "ఏంటమ్మా అలా చూస్తున్నావు?" అంది. ఏం లేదు, నువ్వు జరుగు, నేను తోముతాను అన్నాను. "ఉండమ్మా, ఇలా నిలబడితే అంత నొప్పి లేదు" అంది ఏదో కొత్త సంగతి కనిపెట్టినట్టు. నా నడుం అంటే సరే, అది ఎప్పుడో పాతబడింది. ఆ పిల్ల నడుం నేను చూస్తూ చూస్తూ ఆ గట్టుకి ఇవ్వలేను.

అది హాస్టలుకి వెళ్ళిన మరుసటి వారం సెలవు పెట్టి మేస్త్రిని పిలిచాను, మా ఆయన ఆఫీసుకి వెళ్ళే రోజు చూసుకుని. మేస్త్రి మర్యాదస్తుడు. గట్టు మీద చేత్తో తట్టి, రాయి ఊడదీసి కింద రెండు వరసల ఇటుక లేపి మళ్ళీ పరిస్తే సరి, రెండు రోజుల పని అన్నాడు. అయితే మొదలుపెట్టండి అన్నాను. ఆయన సుత్తి తీయలేదు. గుమ్మం వైపు చూశాడు. "సార్‌కి ఒక మాట చెప్పారా అమ్మా?" అన్నాడు. చెప్తాలెండి అన్నాను. "అలా కాదమ్మా, రేపు మాటొస్తుంది. ఒక్కసారి ఫోను కలపండి, నేనే మాట్లాడతా." ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఎంతమందికి మీ ఇల్లు మీ ఇష్టం అన్నానో, ఆ మాట నా నోట్లోనే ఉండిపోయింది. ఫోను కలిపి ఇచ్చాను. మా ఆయన గొంతు వంటింట్లో గట్టిగా వినిపించింది.

"గట్టా? ఇప్పుడెందుకు గట్టు? అది నాన్నగారు దగ్గరుండి కట్టించింది మేస్త్రీ. అయినా దానికి మునిసిపాలిటీ వాళ్ళ పర్మిషన్ అదీ ఉండాలేమో."

"అక్కర్లేదండీ" అన్నాను నేను పక్కనుంచి.

"నీకు తెలీదు, ఉండు. నేను ఎవరినైనా కనుక్కుంటాను. మేస్త్రీ, మీరు ఇవాళ్టికి వెళ్ళండి."

మేస్త్రి ఫోను నా చేతిలో పెట్టి, నా మొహం చూడకుండా సంచీ సర్దుకున్నాడు. ఆయన్ని అనడానికేముంది. నేను నవ్వాను కాబోలు, "ఏం అనుకోకండమ్మా" అన్నాడు వెళ్తూ. ఎవరినైనా కనుక్కుంటాడట. ఎక్కడికెళ్ళి కనుక్కోవాలి? మా ఆఫీసుకే రావాలి. వచ్చి నా కిటికీ ముందే నిలబడాలి. నిలబడి, సార్ లేరా అని అడుగుతాడు.

నేను గట్టుకి ఆనుకుని అలాగే నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా నీరసం ముంచుకొచ్చింది, వంట మొదలుపెట్టాలి కదా అన్న నీరసం. అత్తయ్య తన గదిలోంచి గోడ పట్టుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. అంతా వినే ఉంటుంది. ఎన్నడూ వంటింటి సంగతుల్లో తలదూర్చని మనిషి, ఉన్నట్టుండి, "అది నా కొలత అనుకుంటున్నావు కదూ?" అంది.

మరి ఎవరిది అత్తయ్యా అన్నాను.

"ఇల్లు కట్టేటప్పుడు అప్పటి మేస్త్రి మీ మామగారిని అడిగాడు. వండే మనిషిని పిలవండి, గోడ పక్కన నిలబెట్టి మోచెయ్యి ఎత్తు చూసి గీత పెడతాను అని. నేను ఆ పక్కనే ఉన్నానమ్మాయ్. పనివాళ్ళకి టీ కాస్తున్నాను. పిలిస్తే వినబడేంత దూరం. ఆయన పిలవలేదు. ఆవిడెందుకు, నేనున్నాగా అని ఆయనే నిలబడ్డారు. మేస్త్రి ఆయన మోచెయ్యి చూసుకుని గీత పెట్టాడు. ఆయనా పొట్టే, నాకంటే జానెడు ఎక్కువ, అంతే. ఆవిడ నాకంటే పొట్టిలే, ఓ నాలుగు వేళ్ళు తగ్గించు అన్నారు. అదీ మన గట్టు."

ఆవిడ పీట కాలితో ముందుకి జరిపింది. "కట్టాక చూస్తే పొయ్యి మీద గిన్నెలో ఏముందో నాకు కనబడదు. ఆవిరంతా మొహానికే. ఎత్తయిందండీ అంటే, సున్నం కూడా ఆరలేదు, అప్పుడే పగలగొట్టమంటావా అన్నారు. సాయంత్రానికి వడ్రంగి చేత ఈ పీట చేయించుకొచ్చారు. చూసినవాళ్ళంతా పెళ్ళామంటే ఎంత ప్రేమో అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను కొన్నాళ్ళు. ఉప్పుకి దిగు, గరిటెకి ఎక్కు. నీళ్ళకి దిగు, పొయ్యికి ఎక్కు. ఈ మోకాళ్ళు వయసుకి పోలేదు అమ్మాయ్."

పీట మధ్యలో రెండు గుంటలు అరిగి ఉంటాయి. కూర్చుని కూర్చుని అరిగాయనుకునేదాన్ని. అవి ఆవిడ పాదాలు. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో, ఒకే గట్టు దగ్గర, ఆవిడ ఎక్కీ నేను వంగీ మా ఒళ్ళు హూనం చేసుకున్నాం. ఆ గట్టు ఆవిడదీ కాదు, నాదీ కాదు. ఒక్కరోజు కూడా వండని మనిషి మోచేతికి నాలుగు వేళ్ళు తక్కువ, అంతే దాని లెక్క. దాని కోసం నేను ఈవిడని తిట్టుకున్నాను, ఈవిడ నా కాపురమంతా చూస్తూ నోరు విప్పలేదు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదత్తయ్యా అన్నాను. "నువ్వు అడగలేదు. నన్ను ఎవరు ఏం అడిగారు గనక" అంది. తర్వాత చాలా మామూలుగా, "ఇప్పుడు వంట సంగతి ఏం చేస్తావు?" అంది.

ఏం చేస్తానో నాకూ తెలియదు. మేస్త్రిని మళ్ళీ పిలిచే ఓపిక లేదు, సాయంత్రం కూర్చుని మా ఆయనకి నచ్చజెప్పే ఓపిక అంతకన్నా లేదు. పొయ్యి వైపు చూశాను. కాళ్ళు అలవాటు చొప్పున ఎడంగా జరగబోయాయి. వాటిని జరగనివ్వలేదు. అంతే, నేను చేసిన తిరుగుబాటు అదే. తిన్నగా నిలబడ్డాను, తిన్నగా నిలబడితే ఈ గట్టు మీద వండలేను, కాబట్టి ఇక ఈ గట్టు మీద వండను.

ముందు గదిలోకి వెళ్ళాను. మా ఆయన టేబుల్ మీద కంప్యూటరు, దాని తీగలు, పెన్నుల డబ్బా, అన్నీ ఒక్కొక్కటే తెచ్చి వంటగట్టు మీద, సింకుకి దూరంగా, తడి తుడిచి పెట్టాను. అటక మీంచి వాడకుండా పడి ఉన్న కరెంటు పొయ్యి దించాను, దానికి స్టూలు అక్కర్లేదు కదా. ఆయన పెట్టించుకున్న కొత్త ప్లగ్గుకే తగిలించాను. తర్వాత మీట నొక్కి పట్టుకున్నాను. టేబుల్ మూలుగుతూ లేచింది. ఆయన నిలబడే ఎత్తు దాటింది. ఇంకాస్త లేచింది. చేతులు మడిచి చూసుకున్నాను, మోచేతికి కాస్త కిందుగా వచ్చేసరికి వేలు తీశాను. మూడో మీటకి ఆ ఎత్తు గుర్తుపెట్టించాను. ఉల్లిపాయలు పెట్టుకుని తరగడం మొదలుపెట్టాను. నిటారుగా నిలబడి ఉల్లిపాయ తరగడం నాకు ఇదే మొదటిసారి. ఎదురుగా లేత ఆకుపచ్చ గోడ, నిజంగానే కళ్ళకి హాయిగా ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఉల్లిపాయల వల్లే అనుకున్నాను మొదట. నడుం నొప్పి పెట్టకపోతే ఎలా ఉంటుందో మర్చిపోయిన దానికి ఏడ్చాను.

అత్తయ్య గుమ్మంలో నిలబడి టేబుల్ వంక చాలాసేపు చూసింది. "అమ్మాయ్, అది కిందికి కూడా వస్తుందా?" అంది.

దించాను. ఆవిడ దగ్గరికి వచ్చి రెండు చేతులూ దాని మీద ఆనించింది. ఇంకొంచెం అంది, ఇంకొంచెం దించాను. చాలు అంది. మోచేతులు మడిచి చూసుకుంది, నన్ను చూసి నేర్చుకున్నట్టుంది. నాలుగో మీట ఆవిడది. అప్పుడు కత్తి అడిగి తీసుకుని, పీట లేకుండా నేల మీద నిలబడి బంగాళాదుంపలు తరిగింది. మోకాళ్ళు ఎంతసేపు ఆగుతాయని, కాసేపటికి కుర్చీ వేశాను. వద్దు, ఇంకాసేపు అంది.

సాయంత్రం మా ఆయన వచ్చి ముందు గది గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇదేంటి?"

"కూరండీ."

"నా టేబుల్ మీదా?"

"గోడలేవీ ముట్టుకోలేదండీ."

"నన్ను ఒక్క మాట అడగాలి కదా" అన్నాడు. గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ ఉంది. "రేపు పొద్దున్నే నాకు మీటింగుంది. కంప్యూటరేది?"

"గట్టు మీద పెట్టాను. నాన్నగారు దగ్గరుండి కట్టించింది కదా" అన్నాను. వెటకారంగా అనాలనే అనుకున్నాను, అలసటగా వచ్చింది.

ఆయన గబగబా వచ్చి పొయ్యి వైపు చెయ్యి చాచాడు. అత్తయ్య తలెత్తలేదు. "వేడిగా ఉంది, ముట్టుకోకు. ఇక్కడ నా పని ఇంకా అవలేదు" అంది. తల్లి చేతిలోంచి ఆయన జీవితంలో ఏదీ లాక్కోలేదు, ఆవిడ అన్నీ తనే ఇచ్చేసేది కాబట్టి అవసరం పడలేదు. చాచిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. ఆ రాత్రి మాతో మాట్లాడలేదు. తిన్నాడు మాత్రం, రెండోసారి వడ్డించుకుని మరీ.

పొద్దున్న అత్తయ్య నాకంటే ముందే లేచి టేబుల్ దించుకుని పని మొదలుపెట్టేసింది. మా ఆయన అటూ ఇటూ తిరిగాడు. కూర్చుందామంటే డాక్టరు వద్దన్నాడాయె. చివరికి వంటింట్లోకి వెళ్ళి గట్టు ముందు నిలబడి మీటింగు మొదలుపెట్టాడు. నేను ముందు గదిలోంచి, ఆఫీసుకి డబ్బా సర్దుకుంటూ చూస్తున్నాను. మొదట తిన్నగా నిలబడ్డాడు, అప్పుడు చేతులు కీబోర్డుకి అందలేదు. వంగాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక చెయ్యి నడుం మీదికి వెళ్ళింది. ఒక కాలు మీంచి ఇంకో కాలి మీదికి మారాడు. కాసేపటికి కాళ్ళు ఎడంగా పెట్టాడు. ఇంకాసేపటికి మోకాళ్ళు సడలించి, పొట్ట గట్టుకి ఆనించాడు. వెనకనుంచి చూస్తే అచ్చం మా అమ్మాయే, కాకపోతే దానికి ఆ పూట ఎవరూ జీతం ఇవ్వలేదు. నాకు నవ్వొస్తుందనుకున్నాను. రాలేదు. అరగంటలో ఆయనకి తెలిసిన సంగతి మా ఇద్దరికీ తెలియడానికి రెండు జీవితాలు పట్టాయి.

మీటింగు అయ్యాక ముందు గదిలోకి వచ్చాడు. చొక్కా మీద పొట్ట దగ్గర అడ్డంగా తడి చార. అత్తయ్య దాన్ని చూసి తల దించుకుని దుంపలు తరుగుతూనే ఉంది. ఆయన గొంతు సవరించుకుని, "ఆ మేస్త్రి నంబరు నీ దగ్గరుందా?" అన్నాడు.

నా నడుం గుర్తొచ్చి అడగలేదు, తన టేబుల్ తనకి కావాలి. అది నాకు తెలుసు. తెలిసినా ఆ నంబరు చెప్పాను, ఎందుకంటే మా అమ్మాయి మళ్ళీ సెలవులకి వస్తుంది. ఆయన ఫోనులో నొక్కుతూ, నేనే దగ్గరుండి చూసుకుంటాలే, నువ్వు ఆఫీసుకి వెళ్ళు అన్నాడు.

నేను భుజానికి తగిలించుకున్న సంచీ దించి కుర్చీలో పెట్టాను.

"ఇవాళ వెళ్ళను. మేస్త్రి గీత పెట్టేదాకా ఇక్కడే ఉంటాను. అత్తయ్యకి ఒక పక్క, నాకు ఒక పక్క, రెండెత్తులు. మీరు దగ్గరుండి చూసుకోండి, కానీ కొలతకి మాత్రం నిలబడకండి."